చెవి మూసుకున్న తుపాకులు

సేన తరలిపోయిన కోట, పెళ్లివారు లేచిపోయిన విడిదిల్లులా ఉంటుంది. ఆ ఉదయం జేగురుకోట అలాగే ఉంది. ఎర్రటి కొండ మీద ఎర్రటి రాతితో ఏడు చుట్లుగా కట్టిన ఆ కోట తూర్పు ఎండ సోకగానే రాజుకున్న కొలిమిలా కనిపించేది. దాని బురుజుల మీద నెమలికంఠం రంగు పతాకాలు రెపరెపలాడేవి, గోపురాల బంగారు కలశాలు మూడామడల దూరంలోని బాటసారులకు దారి చూపేవి. ఇప్పుడు పతాకాలన్నీ సేన వెంట వెళ్లిపోయాయి. నిన్నటి ఆయుధపూజలో చల్లిన బంతిపూలు ఏనుగుల కాళ్ల కింద నలిగి రాజవీధిలో వాడిపోతున్నాయి. సింహద్వారం మూసి ఉంది. లోపల మిగిలింది ముసలివాళ్లు, పసిపిల్లల తల్లులు, ద్వారం దగ్గర పదిమంది భటులు, కొలిమివీధిలో ఒక కుంటి కమ్మరి.

ఆ కమ్మరి పేరు సిద్ధోజు. సేనతో వెళ్లిన నూట ఇరవై తుపాకులూ అతని చేతుల మీదుగా పుట్టినవే.

జేగురుకోటకు తుపాకి వచ్చిన కథ పెద్దదేమీ కాదు గాని, అందులో చావులు ఎక్కువ. సిద్ధోజు తాత కాలంలో సముద్రపు ఒడ్డున పగిలిన ఒక పరదేశపు ఓడలో ఇనపగొట్టం ఒకటి దొరికింది. దాన్ని చూసి తాతా, ఆయన తరవాత తండ్రీ గొట్టాలు చేయడం నేర్చారు. ఆ రోజుల్లో ఒక తుపాకికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకడు గొట్టం బిగించిన కర్రను చంకలో ఇరికించుకుని గురి చూడాలి. రెండోవాడు కాలుతున్న వత్తి తెచ్చి, గొట్టం వెనకభాగాన ఉండే సన్నటి రంధ్రానికి ముట్టించాలి. ఆ రంధ్రాన్ని తుపాకి చెవి అంటారు. బయటి నిప్పు లోపలి మందుకు అందే దారి అదొక్కటే. ఇద్దరిలో ఎవడు తడబడినా గుండు ఆకాశానికి పోయేది. గొట్టం పగిలితే ఇద్దరూ ఒకేసారి పోయేవారు. సిద్ధోజు తండ్రి అలాగే పోయాడు. ఆ రోజు వత్తి పట్టుకున్న రెండోవాడు సిద్ధోజే. అతని ఎడమకాలు మోకాలి కింద విరిగి, వంకరగా అతుక్కుంది.

ఆ కాలితో ఏడాదిపాటు మంచం మీద పడి ఉండి, వత్తి పట్టుకునే రెండోవాడి అవసరం లేకుండా చేయడం ఎలాగా అని అతను ఆలోచించాడు. చివరికి పడగ వంచిన పాములాంటి ఇనుప కొక్కెం ఒకటి చేసి తుపాకికి బిగించాడు. కాలే వత్తి ఆ పాము నోట్లో ఉంటుంది. కింద మీట నొక్కితే పాము తల వంచి, చెవి పక్కనున్న చిన్న పళ్లెంలో కాటు వేస్తుంది. ఆ పళ్లెంలో పోసే మెత్తటి మందును రంజకం అంటారు. రంజకం భగ్గుమంటే ఆ మంట చెవిలోంచి లోపలికి దూరి గుండును తరుముతుంది. ఇక మనిషికి రెండు చేతులూ తుపాకి మీదా, రెండు కళ్లూ శత్రువు మీదా ఉంచుకునే వీలు దొరికింది. అలాంటి తుపాకులతోనే మూడేళ్ల కిందట జేగురుకోట, ధూమ్రావతి రాజ్యపు గుర్రపుదండును సరిహద్దు దాకా తరిమింది.

అయినా ఆ ఊళ్లో కమ్మరి మాటను ఎవరూ ఊరికే నమ్మరు. తుపాకులు యుద్ధానికి వెళితే, వాటిని చేసిన ఇంటి రక్తం మొదటి వరుసలో నిలబడి తీరాలి. గొట్టం పగిలేదుంటే ముందు వాళ్ల మొహం మీదే పగలాలని కట్టడి. సిద్ధోజు కాలు కదనానికి పనికిరాదు. ఆ ఇంట్లో మిగిలిన రక్తం చెల్లెలు కోనమ్మ. సూరేకారం, గంధకం, బొగ్గు ఏ పాళ్లలో కలపాలో, ఎంతసేపు నూరాలో ఆ రాజ్యంలో ఆమెకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. ఆమె నూరిన మందు వానాకాలంలో కూడా చిటుక్కున అంటుకుంటుంది. తెల్లవారుజామున సేనతో వెళుతూ ఆమె వెనక్కి తిరిగి అన్నతో, "పొయ్యి మీద అంబలి పెట్టాను, చల్లారాక తాగు, నోరు కాల్చుకోకు" అని మాత్రం చెప్పింది.

సిద్ధోజు అంబలి తాగాడు. ఊరికే కూర్చోలేక, కర్ర పగిలిందని సేన వదిలేసి వెళ్లిన ఒక తుపాకిని ముందేసుకున్నాడు. దానికీ నిన్న అందరితో పాటే పూజ జరిగింది. చెవి మీద గంధం బొట్టు నిండుగా ఉంది. దాన్ని చూడగానే నిన్నటి వైభవం కళ్లముందు కదిలింది.

మూడేళ్లుగా కత్తివాళ్లు తుపాకివాళ్లను గడ్డిపోచలా చూసేవారు. సేనాని కేతినాయకుడైతే నిండు సభలో, "దూరాన నక్కి చంపే గొట్టాలకు పూజలెందుకు, ఒక మూలన పడేయండి" అనేవాడు. అలాంటిది నిన్న మహారాజు పట్టపుకత్తి పక్కనే, అదే పట్టుపీట మీద తుపాకులను పెట్టించాడు. అదంతా ధూపస్వామి చలవే. నెల కిందట ఎక్కడినుంచో వచ్చిన ఆ సన్యాసి చుట్టూ సాంబ్రాణి పొగ చెదరకుండా స్తంభంలా నిలబడేది. వేళ్లతో తిప్పితే ఆ పొగ తాడులా పేనుకునేది. జనం అది తపోబలమని దండాలు పెట్టారు. నెత్తురు తాగిన ఆయుధానికి పూజ జరగకపోతే అది యజమానినే కాటేస్తుందని స్వామి చెప్పాడు. మహారాజు నమ్మాడు. సిద్ధోజుకు ఆ మాట ఎంత తీపిగా వినిపించిందంటే, నమ్మకం కుదిరిందో లేదో చూసుకోవడమే మరిచిపోయాడు.

పూజలో తుపాకికి బొట్టు పెట్టడం కొత్త కాదు. కొలిమివీధిలో చెవి పక్కన చిటికెడు పొడి కుంకుమ అద్ది, యుద్ధానికి ముందు ఉఫ్‌మని ఊదేసేవారు. స్వామి మాత్రం తడిగంధం ఇచ్చాడు. సరిగ్గా చెవి మీదే పెట్టమన్నాడు. చెరపవద్దనీ, మొదటి నిప్పే దాన్ని నైవేద్యంగా కాల్చుకుంటుందనీ చెప్పాడు. సిద్ధోజుకు ఒక్క క్షణం మనసు కలుక్కుమంది. కాని ఎదురుగా మహారాజు, పక్కన కేతినాయకుడి మాడిన మొహం, చుట్టూ జేజేలు. అతను కళ్లు తుడుచుకుని, మొదటి బొట్టు తన చేత్తోనే పెట్టాడు. అది కోనమ్మ తుపాకికి.

ఇప్పుడతను ఆ బొట్టును గోటితో గీకాడు. రాలేదు. చెవి శుభ్రం చేసే ఇనపసూది తీసి పొడిచాడు. సూది వంగింది. ఆకురాయితో కాస్త రాచి ఆ పొడిని నాలుక మీద వేసుకున్నాడు. చురుక్కుమంది. అందులో గంధం పైపైన మాత్రమే ఉంది. మిగిలిందంతా గవ్వసున్నం, తుమ్మజిగురు, ఇంకేదో మాయపాలు. ఒక రాత్రిలో అది రాయిలా బిగుసుకుంది. నూట ఇరవై తుపాకులు, నూట ఇరవై రాళ్లు. మొదటి వరుస మధ్యలో కోనమ్మ.

సిద్ధోజు చేతులు పని మానలేదు. సున్నం కాబట్టి పులుపుకు లొంగుతుందేమో అనుకున్నాడు. ఇత్తడి చెంబులు తోమడానికి చెల్లెలు గూట్లో ఉంచిన చింతపండు ముద్దను వేడినీళ్లలో పిసికి ఆ చెవిలో పోశాడు. చెవి బుసబుసమని నురగ కక్కింది. వందంకెలు లెక్కపెట్టి సూదితో పొడిస్తే, సూది దిగబడింది.

చింతపండు ముద్ద మూటకట్టుకున్నాడు. తడిసిన చెవులు ఆరబెట్టడానికి పనికొస్తుందని చంకలో పట్టే చిన్న కొలిమితిత్తి భుజానికి తగిలించుకున్నాడు. కుంటుకుంటూ సింహద్వారం చేరాడు.

భటులు ఈటెలు అడ్డం పెట్టారు. "కొలిమివీధిలో మిగిలినవాళ్లు పొద్దుగూకేదాకా గడప దాటకూడదని స్వామివారి ఆన. దాటితే పూజ చెడిపోతుందట" అన్నాడు వాళ్ల పెద్ద.

"ఆ పూజే మన కొంప ముంచింది. తలుపు తియ్యన్నా, నీకు దణ్ణం పెడతా."

"నీకేం, నువ్వు దణ్ణం పెట్టి పోతావు. రేపు తల ఇచ్చేది నేను కదా. ఇంటికి పో సిద్ధోజూ."

అతనితో వాదించే పొద్దు లేదు. సిద్ధోజు వెనక్కి తిరిగినట్టే తిరిగి, ఏనుగుల కొట్టం వెనక మురుగునీటి తూములో దిగాడు. చీకటి, బురద, మోచేతుల కింద జలగలు. మూట తడవకుండా నెత్తిన పెట్టుకుని పాకాడు. తూము చివర కమ్మీలు తుప్పుపట్టి ఉన్నాయి. తుప్పు ఎక్కడ మెత్తబడుతుందో కమ్మరికి చెప్పాలా. రెండు కమ్మీలు వంచి, రాళ్ల మీదుగా దొర్లుతూ కొండ దిగువన చాకిరేవులో పడ్డాడు. అక్కడ ఒక గాడిద తీరిగ్గా గడ్డి మేస్తోంది. యుద్ధరంగానికి గాడిదనెక్కి వెళ్లిన వీరుడు జేగురుకోట చరిత్రలో అతనొక్కడే.

దారికి రెండువైపులా మోదుగు అడవి విరగబూసి ఉంది. చిలకలు కొమ్మ కొమ్మకూ గొడవ పడుతున్నాయి. కొండచరియల మీదనుంచి జారే సెలయేళ్లు ఎండలో వెండితీగల్లా మెరుస్తున్నాయి. మరో రోజైతే అవి చూసి మనిషి ఆగిపోతాడు. సిద్ధోజు గాడిద డొక్కల్లో మడమలు పొడుస్తూ గవ్వలవాగు రేవుకు వచ్చాడు.

రేవు మధ్యలో, ఒక బండ మీద సాంబ్రాణి మూకుడు కాలుతోంది. చుట్టుపక్కల మనిషి జాడ లేదు. గాడిద చెవులు వెనక్కి విరిచి మొరాయించింది. మూకుడులోంచి లేచిన పొగ గాలికి పోకుండా చుట్ట చుట్టుకుంది. చూస్తూ ఉండగానే దానికి తల వచ్చింది, కోరలు వచ్చాయి. తాటిమాను లావు కొండచిలువ ఒకటి నీళ్ల మీదుగా జారుతూ వచ్చి సిద్ధోజు నడుముకు చుట్టుకుంది.

ధూపస్వామి ఎవరో అతనికి అప్పుడు తెలిసింది. పొగను తాడులా పేనగలవాడు ఈ భూమ్మీద ఒక్కడే. ధూమ్రావతి రాజు పెంచి పోషించే మాంత్రికుడు తిమిరనాథుడు. వాడి పేరు చెప్పి పిల్లలకు అన్నం పెట్టడం సిద్ధోజు చిన్నప్పుడు చూశాడు.

పొగపాము బిగుసుకుంది. పక్కటెముకలు కలుక్కుమన్నాయి. అతను కత్తి కోసం వెతకలేదు, కత్తి లేదు. చంకలోని కొలిమితిత్తిని పాము నోటికి ఎదురుగా తిప్పి, ఒంట్లో బలమంతా పెట్టి నొక్కాడు. కొలిమిలో నిప్పును రేపే గాలి అది. పాము తల చెదిరి తునాతునకలైంది. మళ్లీ నొక్కాడు, మెడ చెదిరింది. ఊపిరి ఆడగానే ఒక్క దూకులో బండ చేరి మూకుడును వాగులో బోర్లించాడు. చుంయ్‌మని చప్పుడు, అంతే. సిద్ధోజు మోకాళ్ల మీద పడి దగ్గాడు. తరవాత గాడిద చెవి పట్టుకుని నీళ్లు దాటించాడు.

పొద్దు నడినెత్తికి వస్తుండగా దొంతిబండల కనుమ కనిపించింది. ఎవరో పేర్చి పెట్టినట్టు బండ మీద బండగా ఆకాశంలోకి లేచిన రెండు కొండలు, నడుమ నలభై గుర్రాలు మాత్రం పక్కపక్కన నడవగల ఇరుకుదారి. కనుమ ఇవతలి మూతిలో జేగురుకోట తుపాకివాళ్లు నిలబడి ఉన్నారు. ముప్ఫైమందికి ఒక వరుస చొప్పున నాలుగు వరుసలు. అందరి పాము కొక్కేలలోనూ వత్తులు ఎర్రగా కాలుతున్నాయి. ముందు వరుస నడుమ పసుపుపచ్చ తలగుడ్డ. అది కోనమ్మది. వెనకగా గుట్ట మీద తెల్లగొడుగు, దాని కింద ధూపస్వామి, పక్కన కేతినాయకుడు. కనుమ అవతలి మూతిలో దుమ్ము లేస్తోంది. ధూమ్రావతి గుర్రాలు రెండువేలు.

సిద్ధోజు కుంటినడక స్వామికి తెలుసు. ఆ నడకతో ముందుకు పోతే వరుసలు చేరకముందే పొగ ఇంకో పాము అవుతుంది. అతను గుట్ట చాటుగా వంటబండి దగ్గరకు పాకాడు. అక్కడ సేనకు వంటచేసే గంగులయ్య, మనిషి పడుకోగల పెద్ద గుండిగలో చారు తెర్లకాస్తున్నాడు. తుపాకి పొగకు గొంతు ఎండిపోతుంది గనక, యుద్ధానికి ముందు ఒక్కొక్క తుపాకివాడికీ గరిటెడు వేడి చారు పోయడం ఆ సేనలో ఆనవాయితీ.

"పెద్దాయనా, చారులో ఇది కూడా వెయ్యి" అని చింతపండు మూట విప్పాడు సిద్ధోజు.

గంగులయ్య వాసన చూసి మొహం చిట్లించాడు. "ఇంత పులుపు తాగితే పళ్లు ఊడి చేతిలోకొస్తాయిరా. ఎవరికోసం?"

"పళ్లున్నవాళ్ల కోసం కాదు" అని సిద్ధోజు నాలుగు ముక్కల్లో సంగతి చెప్పాడు.

"నా కొడుకు మూడో వరుసలో ఉన్నాడు" అన్నాడు ముసలాయన. తన తలగుడ్డ విప్పి సిద్ధోజు తలకు చుట్టాడు, మొహానికి ఇంత మసి పులిమాడు. గుండిగకు దుంగ దూర్చి ఇద్దరూ భుజాలకెత్తుకున్నారు. అంత బరువు కింద ఎవడు నడిచినా కుంటినట్టే నడుస్తాడు.

గుట్ట మీదనుంచి స్వామి చూస్తూనే ఉన్నాడు. వంటవాళ్లిద్దరు చారు మోసుకుపోతున్నారు. అంతకుమించి ఆయనకేమీ కనిపించలేదు.

వరుసల వెనక్కి చేరగానే సిద్ధోజు నాలుగో వరుసలోని మొదటి తుపాకి చెవిలో గరిటెతో చారు పోశాడు. నురగ పొంగింది. తుపాకివాడు నోరు తెరిచాడు. గంగులయ్య వాడి నోట్లో ఇంకో గరిటె పోసి మూయించాడు. మాట చెవిలో చెవిలో పాకింది. వందంకెలు లెక్కపెట్టు, సూదితో పొడువు, మందు కూరే గజం పుల్లకు గుడ్డ చుట్టి గొట్టం తుడువు, తిత్తితో ఊదించుకో, అప్పుడు మందు కూరు. పని మొదలైంది గాని, అది తొందరపడే పని కాదు. పైగా గుండిగలో చారు తరిగిపోతోంది.

"ఏం కలికాలం వచ్చిందిరా" అన్న గొంతు వినిపించి సిద్ధోజు తలెత్తాడు. గుట్ట దిగి వచ్చిన కేతినాయకుడు, తుపాకులకు చారు తాగిస్తున్న వంటవాణ్ణి నిలువునా చూస్తున్నాడు. మసి వెనక మనిషిని పోల్చుకుని కత్తి మీద చెయ్యి వేశాడు.

సిద్ధోజు చేతిలోని తుపాకి చెవి చూపించాడు. వంగిన సూది చూపించాడు. ఏమీ దాచలేదు. "తప్పు నాది నాయకా. నీ కత్తి పక్కన నా తుపాకిని కూర్చోబెట్టారని నా కళ్లు మూసుకుపోయాయి. నరకదలచుకుంటే సాయంత్రం నరుకు. ఇప్పుడు నాకు కాస్త వ్యవధి ఇప్పించు."

కేతినాయకుడు ఆ సూదిని అందుకుని చూశాడు. తుపాకి అంటే పడని మనిషే గాని, సేన అంటే ప్రాణం పెట్టేవాడు. "నా కత్తులు ఎనిమిది వందలు. వాళ్ల గుర్రాలు రెండువేలు" అన్నాడు తనలో తను. తరవాత మీసం సవరించుకుని, "నేను పోయి ఆ దొంగసన్యాసి కాళ్ల మీద పడతా. వరమిచ్చేదాకా వదలనంటా. కళ్లు ఇటు తిప్పకుండా చూసుకుంటా" అన్నాడు. ఆ ముసలి సింహం వంగి వంగి గుట్టెక్కుతుంటే సిద్ధోజుకు కళ్లు చెమర్చాయి.

అతను ఖాళీ గరిటె పట్టుకుని ముందు వరుసకు నడిచాడు. కోనమ్మ గరిటెకేసి చేయి చాచి, మసి మొహంలోని కళ్లు చూసి గుర్తుపట్టింది. మొహంలో మాత్రం ఏ మార్పూ రానివ్వలేదు.

"అంబలి తాగావా?" అంది.

"తాగా. చెవులు మూసుకుపోయాయమ్మా, అన్నీ. నీది నేనే మూశాను."

"నువ్వు మూస్తుంటే పట్టుకుని నిలబడింది నేనే కదన్నా. పైగా సంతోషపడ్డాను కూడా." ఆమె కనుమకేసి చూస్తూ మాట్లాడుతోంది. "ఎన్ని తెరిచావు?"

"వెనక ముప్ఫై అవుతాయి. అంతకన్నా పులుపు లేదు. నువ్వు వెనక్కి రా, నీ బదులు నేను నిలబడతా."

"నేను కదిలితే వరుస కదులుతుంది. గుట్ట మీదివాడు చూస్తాడు." కనుమ వెడల్పును కళ్లతో కొలిచింది. "మన తుపాకులు పేలవని వాళ్లకు తెలుసు కదా. తెలిస్తే గుర్రాలను దౌడు తీయించరు. నవ్వుకుంటూ నడిచొస్తారు. రానిద్దాం. మా ముందు వరుస మీట నొక్కి, పేలక, బెదిరినట్టు నిలబడతాం. ఇంకా దగ్గరికొస్తారు. నలభై అడుగుల్లోకి వచ్చాక నేను కూర్చోమంటాను. మూడు వరుసలూ కూర్చుంటాయి. వెనక ముప్ఫైమందికి గురి చూసే పని కూడా ఉండదు."

"నలభై అడుగులంటే వాళ్లు ఈటె విసిరితే అందుతుందే తల్లీ."

"అందుతుంది. అందుకే నువ్వు వెనక్కెళ్లి పని చూసుకో." ఆమె గరిటె తీసుకుని, అందులో అడుగంటిన చుక్క చారు నోట్లో వేసుకుంది. "ఎంత పులుపన్నా ఇది" అంది.

సిద్ధోజు వెనక్కి వెళ్లాడు. ఒక్కొక్క అడుగూ మణుగు బరువుగా పడింది.

ధూమ్రావతి గుర్రాలు కనుమలో దిగాయి. నల్లటి గుర్రాలు, వాటి నుదుళ్ల మీద రాగి పలకలు, రౌతుల శిరస్త్రాణాలకు గద్దరెక్కలు. అచ్చం కోనమ్మ చెప్పినట్టే అవి నడిచి వచ్చాయి. వంద అడుగుల దూరాన ఆమె చెయ్యి ఎత్తి దించింది. ముప్ఫై పాములు తల వంచాయి. ముప్ఫై పళ్లేలలో రంజకం తుస్సుమని మండి ఆరిపోయింది. ఒక్క గుండూ కదల్లేదు. రౌతులు ఘొల్లున నవ్వారు. ఒకడు కళ్లేలు వదిలేసి రెండు చేతులతో చప్పట్లు కొట్టాడు. ఎనభై అడుగులు. అరవై. ముందు వరుసలో ఎవడో అడుగు వెనక్కి వేశాడు. పసుపుపచ్చ తలగుడ్డ మాత్రం కదల్లేదు. సిద్ధోజు తిత్తి పట్టుకుని దూరం లెక్కపెడుతున్నాడు. యాభై. ఈటెలు వాలాయి. నలభై.

"కూర్చోండి" అంది కోనమ్మ, ఇంట్లో అన్నానికి పిలిచినట్టు.

తొంభైమంది కూర్చున్నారు. వెనక ముప్ఫైమంది మీటలు నొక్కారు. దొంతిబండలు దద్దరిల్లాయి. నవ్వుతున్నవాళ్ల మొదటి వరుస గుర్రాలతో సహా కూలింది. వెనకవి బెదిరి తిరగబోయి, ఇరుకులో ఒకదాన్నొకటి తొక్కుకున్నాయి. ముప్ఫైమందీ మళ్లీ మందు కూరి మళ్లీ కాల్చారు. అప్పటికి రెండు పక్కల బండల మీద పొంచి ఉన్న కేతినాయకుడి కత్తివాళ్లు కిందికి దూకారు. గడియసేపట్లో రెండువేల గుర్రపుదండు తోక ముడిచి కనుమ అవతలికి పారిపోయింది. జేగురుకోట జయజయధ్వానాలు కొండలకు తగిలి తిరిగి వచ్చాయి.

సిద్ధోజు మాత్రం జయం మాట మరిచి పొగకేసి చూస్తున్నాడు. అరవై గుండ్ల పొగ కనుమ నిండా తెల్లగా నిలిచి ఉంది. గాలి వీస్తోంది, పొగ కదలడం లేదు. మెల్లగా అది మధ్యలో సన్నబడింది, మెలి తిరిగింది, పేనుకుంది.

కేతినాయకుడు గుట్ట మీదనుంచి రొప్పుతూ పరుగెత్తుకొచ్చాడు. అతని చేతుల్లో ఒక కాషాయపు గుడ్డ, దాన్నిండా బూడిద. "కాళ్లు వదల్లేదు సిద్ధోజూ, ప్రమాణపూర్తిగా చెబుతున్నా, గట్టిగా పట్టుకునే ఉన్నా. మొదటి తుపాకి మోగేసరికి నా చేతిలో ఇదే మిగిలింది" అన్నాడు.

పొగలోంచి ఒక నవ్వు వినిపించింది. "కమ్మరీ, పూజ ఫలించింది. తుపాకులు పేలకపోతే మా రాజుకు కనుమ దక్కేది. పేలాయి కాబట్టి నాకు పొగ దక్కింది. ఈ మందు నూరే చేతులను తీసుకుపోతున్నా. ఇక మీ కోటలో మందూ ఉండదు, నా కోటలో పొగా తరగదు."

పొగతాడు ఒక్కసారి ఆకాశంలోకి లేచి, ఉత్తరాన ధూమ్రావతి నల్లకొండ వైపు వంగింది. దాని కొసన ఎక్కడో ఎత్తున పసుపుపచ్చ రంగు ఒకటి మెరిసి మాయమైంది. ముందు వరుసలో ఇరవైతొమ్మిది మంది లేచి నిలబడ్డారు. మధ్యలో చోటు ఖాళీగా ఉంది.

తుపాకివాళ్లు ఆవేశంతో గొట్టాలు ఆకాశానికి ఎత్తారు. సిద్ధోజు వాళ్లకు అడ్డంగా నిలబడి చేతులు చాచాడు. "కాల్చకండి. మీరు కాల్చే ఒక్కొక్క గుండుతో వాడికి ఇంకో బారెడు తాడు పేనిచ్చినవాళ్లవుతారు. ఆ తాడు మీదే నా చెల్లెలుంది." వాళ్లు తుపాకులు దించారు.

అతను ఖాళీ చోటుకు వెళ్లి వంగాడు. కోనమ్మ తుపాకి నేల మీద పడి ఉంది. పాము నోట్లో వత్తి ఇంకా కాలుతోంది. చెవి మీద అతను పెట్టిన బొట్టు చెక్కుచెదరలేదు.

గంగులయ్య గుండిగ అడుగు గీకి ఒక గరిటె పట్టుకొచ్చాడు. "ఇంకా ఇంత మిగిలింది నాయనా. దాని చెవి కూడా తెరిచి తీసుకుపో. వట్టి చేతులతో వాడి ఎదటికి వెళ్తావా?"

"వద్దు పెద్దాయనా" అన్నాడు సిద్ధోజు. "వాడికి పొగ అందకూడదంటే చెవి మూసుకున్న తుపాకే కావాలి."

తుపాకిని వీపుకు కట్టుకున్నాడు, తిత్తిని చంకలో బిగించాడు. గుట్ట చాటున గాడిద ఇంకా గడ్డి మేస్తూనే ఉంది. దాని మీదికెక్కి, ఆకాశంలో ఉత్తరంగా సాగిపోతున్న తెల్లతాడును చూసుకుంటూ దాన్ని అదిలించాడు. కనుమ నడిమికి వచ్చాక అతనికి కమురువాసన తగిలింది. వీపు మీద చెల్లెలి వత్తి కాలుతూనే ఉంది. దానినుంచి సన్నటి పొగ ఒకటి లేచి, తెల్లతాడు వైపే పాకుతోంది. సిద్ధోజు చెయ్యి వెనక్కి చాచి, ఆ నిప్పును రెండు వేళ్ల మధ్య నలిపి ఆర్పేశాడు.